దూరపు పరుగు: జాతి, ఉద్యోగం, స్పాన్సర్

ఈ పాఠంలో మనం మూడు విషయాలు తెలుసుకుందాం.
1. దూరపు పరుగులో కొన్ని జాతులవారే గెలుస్తారన్న మాట ఎంతవరకు నిజం?
2. పరుగెత్తేవారి ఖర్చు ఎవరు భరిస్తారు? మన దేశంలో ఈ ఏర్పాటు ఎలా వచ్చింది?
3. స్పాన్సర్ డబ్బుకూ, క్రీడాకారుల జాతికీ ఉన్న సంబంధం ఏమిటి?

భిలాయిలో ఒక తెల్లవారుజాము

మీరు భిలాయి సెక్టార్లలో ఉంటున్నవారైతే ఈ దృశ్యం మీకు కొత్త కాదు. మొదటి షిఫ్టుకు వెళ్ళేవాళ్ళ బళ్ళు ప్లాంటు గేటు వైపు సాగుతుంటాయి. అదే వేళకు కొందరు అబ్బాయిలు, అమ్మాయిలు చెట్ల కింద రోడ్డు వారగా పరుగెత్తుతుంటారు. వారిలో మీ అమ్మాయి ఒకతె అనుకోండి. జిల్లా పోటీల్లో ఆమెకు మొదటి స్థానం వచ్చింది. ఇంట్లో సంతోషించారు. ఆ రాత్రి భోజనాల దగ్గర రెండు ప్రశ్నలు వచ్చాయి.

"ఆఫ్రికావాళ్ళతో మనవాళ్ళు పరుగెత్తగలరా?" అని తాతగారు అడిగారు. "సరే, పరుగెత్తుతుంది. దీని మీద బతకడం ఎలా?" అని అమ్మ అడిగింది. మొదటిది జాతికి సంబంధించిన ప్రశ్న. రెండోది డబ్బుకు సంబంధించినది. విడివిడిగా కనిపించే ఈ రెండు ప్రశ్నలూ నిజానికి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఎలాగో చూద్దాం.

జాతి అన్న జవాబు

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా చెప్పులు కూడా లేకుండా మారథాన్ గెలిచాడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కెన్యావాసులు కిప్చోగే కీనో 1500 మీటర్లలోనూ, నఫ్తాలీ తెము 10,000 మీటర్లలోనూ బంగారు పతకాలు సాధించారు. అప్పటినుంచి తూర్పు ఆఫ్రికా పేరు దూరపు పరుగుకు మారుపేరైంది. "వాళ్ళది పుట్టుకతో వచ్చిన విద్య" అనడం అలవాటైపోయింది.

అయితే ఒక్క అడుగు వెనక్కి వేయండి. 1920ల్లో ఈ మాటే ఫిన్లాండ్‌వారి గురించి అనేవారు. పావో నూర్మి 1920 నుంచి 1928 వరకు మూడు ఒలింపిక్స్‌లో తొమ్మిది బంగారు పతకాలు గెలిచాడు. ఆ చలిదేశపు మనుషుల రక్తంలోనే ఓర్పు ఉందని అప్పట్లో రాశారు. తర్వాత ఫిన్లాండ్ వెనకబడింది. రక్తం మారలేదు కదా! మారినవి శిక్షణ, జీవన విధానం, పోటీపడే దేశాల సంఖ్య.

రెండో విషయం. "ఆఫ్రికావారు" అనేది ఒక్క జాతి కాదు. మనుషుల జన్యువుల్లో అన్నిటికంటే ఎక్కువ వైవిధ్యం ఉన్నది ఆఫ్రికా ఖండంలోనే. కెన్యా విజేతల్లో చాలామంది కలెంజిన్ అనే సముదాయానికి చెందినవారు. కెన్యా జనాభాలో వారు సుమారు ఎనిమిదో వంతు మాత్రమే. వారి ప్రాంతంలోని ఇటెన్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంది. ఇథియోపియాలోని బెకోజీ దానికంటే ఎత్తు. దెరార్తు తులు, కెనెనిసా బెకెలె, తిరునేష్ దిబాబా ముగ్గురిదీ ఆ చిన్న ఊరే.

ఎత్తైన చోట గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి తక్కువ. అక్కడ పెరిగిన శరీరం ఆక్సిజన్ మోసే ఎర్ర రక్తకణాలను ఎక్కువగా తయారుచేసుకుంటుంది. సన్నని తేలికైన కాళ్ళు ఉన్నవారికి ప్రతి అడుగుకూ ఖర్చయ్యే శక్తి తక్కువ. వీటికి తోడు చిన్నప్పటి నుంచి నడక, వందలమంది కలిసి చేసే సాధన, పక్కింటి అన్న గెలిచిన డబ్బుతో పొలం కొన్నాడన్న ఆశ ఉన్నాయి. ఒక్కొక్క మనిషి సామర్థ్యంలో వంశపారంపర్యానికి పాత్ర లేదని ఎవరూ అనరు. కానీ ఒక జాతి మొత్తాన్ని విజేతగా చేసే ఒక్క జన్యువునంటూ శాస్త్రవేత్తలు ఇంతవరకు చూపించలేదు.

మన దేశంలో జరిగిన ప్రయోగం

జాతిని చూసి క్రీడాకారులను ఎంపిక చేస్తే ఏమవుతుంది? దీనికి ఉదాహరణ మన దేశంలోనే ఉంది.

హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట మీకు తెలిసే ఉంటుంది. ఆ పేరుకు అర్థం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువులోని ఆఫ్రికా సంతతి ఆశ్విక దళం అక్కడ ఉండేది. వారినే సిద్దీలు అంటారు. కర్ణాటక, గుజరాత్ రాష్ట్రాల్లోనూ సిద్దీలు ఉన్నారు. వారు ఆఫ్రికా సంతతివారు కాబట్టి పరుగులో పతకాలు తెస్తారన్న ఆలోచనతో 1987లో భారత క్రీడా ప్రాధికార సంస్థ వారి పిల్లలను ఎంపిక చేసి, ప్రత్యేక ప్రాంత క్రీడల పథకం కింద శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది.

ఈ ఆలోచనలోనే ఒక పొరపాటు ఉంది. సిద్దీల పూర్వీకులలో ఎక్కువమంది బంటు భాషలు మాట్లాడే ప్రాంతాల నుంచి వచ్చినవారు. వారు కెన్యా పీఠభూమి మీది కలెంజిన్లు కారు. అయినా పిల్లలు కష్టపడ్డారు. కొందరు జాతీయ స్థాయిలో పతకాలు తెచ్చారు. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. కానీ 1990ల తొలి సంవత్సరాల్లోనే ఆ శిక్షణ ఆగిపోయింది. చాలామంది మళ్ళీ పొలం పనికో, కూలికో వెళ్ళారు.

ఇక్కడ గమనించవలసింది ఏమిటి? జాతి పేరుతో తలుపు త్వరగా తెరుచుకుంది, అంతే త్వరగా మూసుకుంది. శిక్షకుడు, పౌష్టికాహారం, చదువు, పదేళ్ళ ఓపిక లేకుండా ఏ సముదాయమైనా పతకాలు పండించలేదు.

ఉద్యోగమే స్పాన్సర్

ఇక అమ్మ అడిగిన ప్రశ్నకు వద్దాం. "ఈ కార్యక్రమాన్ని మీకు సమర్పిస్తున్నవారు" అన్న మాట టీవీలో ఎన్నోసార్లు విన్నారు కదా! పరుగును మన దేశంలో ఎన్నో ఏళ్ళు సమర్పించినది సబ్బుల కంపెనీ కాదు, ఉద్యోగం.

భిలాయి కథ చూడండి. 1955లో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఇక్కడే స్థిరపడ్డాయి. క్వార్టర్లు, బడులు, ఆసుపత్రితో పాటు మైదానాలు కూడా కర్మాగారమే కట్టింది. సెయిల్ సంస్థ తన ఉక్కు నగరాల్లో క్రీడా అకాడమీలు పెట్టినప్పుడు రూర్కెలాకు హాకీ, బొకారోకు ఫుట్‌బాల్, భిలాయికి అథ్లెటిక్స్ వచ్చాయి.

ఇలాంటి ఏర్పాటులో క్రీడాకారుడికి నెల జీతం వస్తుంది. సాధనకు, పోటీలకు సెలవు దొరుకుతుంది. పరుగు మానేసిన తర్వాత కూడా ఉద్యోగం ఉంటుంది. సైన్యం, రైల్వే, ఉక్కు, చమురు సంస్థలు ఈ పని చేశాయి. బీహారు రైతుబిడ్డ శివనాథ్ సింగ్ సైన్యంలో చేరి పరుగు నేర్చుకున్నాడు. తర్వాత జంషెడ్‌పూర్‌లో టాటా ఉక్కు ఉద్యోగి అయ్యాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో 11వ స్థానం సాధించాడు. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ పూర్తిచేశాడు. ఆ జాతీయ రికార్డు నలభై ఏళ్ళకు పైగా చెక్కుచెదరలేదు. నాసిక్ దగ్గరి ఆదివాసీ పల్లె సావర్‌పాడాకు చెందిన కవితా రౌత్‌కు ఓ.ఎన్.జి.సి. ఉద్యోగం ఇచ్చింది. 2010లో ఆమె ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్ల కాంస్యం, గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్ ఫైనల్ చేరిన లలితా బాబర్ అప్పట్లో రైల్వే ఉద్యోగి.

తాతగారి ప్రశ్నకు కూడా ఇక్కడే ఒక జవాబు ఉంది. కామన్వెల్త్ క్రీడల పురుషుల స్టీపుల్‌చేజ్‌లో 1998 నుంచి 2018 వరకు ప్రతిసారీ మూడు పతకాలూ కెన్యావే. 2022లో బర్మింగ్‌హామ్‌లో మహారాష్ట్ర బీడ్ జిల్లాకు చెందిన సైనికుడు అవినాశ్ సాబ్లే 8 నిమిషాల 11.20 సెకన్లలో పరుగెత్తి రజతం గెలిచాడు. బంగారు పతకం సెకనులో ఇరవయ్యో వంతు తేడాతో తప్పిపోయింది.

ప్రైజు మనీ వచ్చిన తర్వాత

ఒకప్పుడు పరుగుకు డబ్బు తీసుకోవడమే నేరం. ఆ కారణంతోనే 1932 ఒలింపిక్స్‌లో నూర్మిని పోటీకి అనుమతించలేదు. ఈ నిబంధన వల్ల నష్టపోయింది ఎవరు? ఆస్తి ఉన్నవాడు డబ్బు లేకుండా పరుగెత్తగలడు. కూలివాడి బిడ్డ పరుగెత్తలేడు. 1980ల్లో నిబంధనలు సడలాయి. 1986లో బోస్టన్ మారథాన్‌కు ఒక బీమా కంపెనీ స్పాన్సర్‌గా వచ్చి ప్రైజు మనీ మొదలుపెట్టింది. రెండేళ్ళకే, 1988లో, కెన్యావాసి ఇబ్రహీం హుస్సేన్ అక్కడ గెలిచాడు. డబ్బు తలుపు తెరిస్తే ప్రతిభ ఎక్కడినుంచైనా వస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

వృత్తిగా పరుగెత్తేవారి ఆదాయం నాలుగు రకాలు: ప్రైజు మనీ, పోటీకి వచ్చినందుకు నిర్వాహకులు ఇచ్చే రుసుము, రికార్డులకు బోనస్, బూట్ల కంపెనీతో ఒప్పందం. ఇందులోంచి ఏజెంటు కమిషన్, పన్ను పోతాయి. కాలు బెణికితే మొదటి మూడూ ఆగిపోతాయి. ఒప్పందంలో కూడా చాలాసార్లు కోత పడుతుంది. ఉద్యోగం ఇచ్చే భద్రత ఇందులో లేదు. కానీ ఉద్యోగం ఎన్నటికీ ఇవ్వలేనంత డబ్బు ఒక్క గెలుపుతో రావచ్చు.

స్పాన్సర్ ఏం చూస్తాడు?

స్పాన్సర్ కొనేది పరుగును కాదు, జనం దృష్టిని. జనం ఎవరిని "మనవాడు" అనుకుంటారో వారికే డబ్బు ఎక్కువ. జాతి మళ్ళీ ఇక్కడ వస్తుంది.

మెబ్ కెఫ్లెజిఘి ఎరిత్రియాలో పుట్టి, బాల్యంలోనే అమెరికా చేరాడు. 1998లో ఆ దేశ పౌరుడయ్యాడు. 2004 ఒలింపిక్స్‌లో అమెరికాకు మారథాన్ రజతం తెచ్చాడు. 2009లో అతడు న్యూయార్క్ గెలిచినప్పుడు, ఇతను నిజమైన అమెరికనేనా అని ఒక వ్యాఖ్యాత రాసి, తర్వాత క్షమాపణ చెప్పాడు. 2011 చివర పెద్ద బూట్ల కంపెనీ అతని ఒప్పందాన్ని పొడిగించలేదు. మరో కంపెనీ ముందుకు వచ్చింది. 2014లో, 38 ఏళ్ళ వయసులో, మెబ్ బోస్టన్ గెలిచాడు. ముందు ఏడాది బాంబు పేలుళ్ళు జరిగిన వీధి అది. ఆ రోజు అతడు అమెరికనా అని ఎవరూ అడగలేదు.

2019లో ఇటలీలోని త్రియెస్తె నగరంలో హాఫ్ మారథాన్ నిర్వాహకులు ఆఫ్రికా క్రీడాకారులను పిలవబోమని ప్రకటించారు. ఏజెంట్లు వారిని దోచుకుంటున్నారు కాబట్టి ఈ నిర్ణయం అన్నారు. దోపిడీ నిజమే కావచ్చు. దానికి శిక్ష దోపిడీకి గురైనవాడికా? విమర్శలు రావడంతో నిర్ణయం మార్చుకున్నారు.

కొన్నిసార్లు దేశమే స్పాన్సర్ అవుతుంది. 2003లో కెన్యాకు చెందిన స్టీఫెన్ చెరోనో కతార్ పౌరుడై, సైఫ్ సయీద్ షాహీన్ అన్న పేరుతో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఇలాంటి మార్పిడులు పెరగడంతో 2017లో ప్రపంచ సమాఖ్య వాటిని నిలిపివేసి, మరుసటి ఏడాది కఠిన నిబంధనలు తెచ్చింది.

మన ముంబై మారథాన్ 2004లో మొదలైంది. అందులో అంతర్జాతీయ విజేతలకు ఒక బహుమతి, భారతీయులకు విడిగా మరో బహుమతి ఉన్నాయి. ఎవరినీ బయటికి పంపకుండా స్థానికులను ప్రోత్సహించే పద్ధతి ఇది. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. మనవాళ్ళలో మొదటివాడైతే చాలు అనుకున్నవాడు ముందున్న గుంపును వదిలేస్తాడు.

మళ్ళీ భిలాయికి

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. ఆమె తాత ఈ ప్లాంటులో చేరిన రోజుల్లో ఉన్నన్ని శాశ్వత ఉద్యోగాలు నేడు లేవు. కాంట్రాక్టు పని పెరిగింది. అంటే పరుగును మోసిన పాత భుజం బలహీనపడింది. కొత్త స్పాన్సర్లు నగరాల్లోని మారథాన్ల చుట్టూ ఉన్నారు.

ఛత్తీస్‌గఢ్ జనాభాలో 2011 లెక్కల ప్రకారం ముప్ఫై శాతానికి పైగా ఆదివాసీలు. "అడవిబిడ్డలు, పుట్టుకతోనే పరుగెత్తుతారు" అని పొగిడేవారు ఇక్కడా ఉన్నారు. సిద్దీల కథ గుర్తుంచుకోండి. పొగడ్త శిక్షకుడి జీతం కట్టదు. బస్తర్ నుంచి వచ్చిన అమ్మాయికీ, సెక్టారులో పుట్టిన తెలుగు అమ్మాయికీ కావలసినవి ఒకటే: మైదానం, తిండి, శిక్షణ, గాయమైతే వైద్యం, పరుగు అయిపోయాక బతుకుతెరువు.

మీ ఇంటికి ఎవరైనా ఒప్పందం తెస్తే ఈ ప్రశ్నలు అడగండి. ఎన్నేళ్ళకు? గాయమైతే ఏమవుతుంది? కమిషన్ ఎంత? చదువు కొనసాగుతుందా? జవాబులు కాగితం మీద రాయించుకోండి.

సారాంశం

దూరపు పరుగులో గెలుపు ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. ఎత్తు, శరీరం, శిక్షణ, అవసరం కలిసి విజేతను తయారుచేస్తాయి. డబ్బు ఎవరికి అందితే వారు పరుగెత్తగలుగుతారు. మన దేశంలో ఆ డబ్బు ఎక్కువగా ఉద్యోగ రూపంలో వచ్చింది. స్పాన్సర్లు వచ్చాక అవకాశాలు పెరిగాయి, భద్రత తగ్గింది.

ఆలోచించండి

1. ఫిన్లాండ్ ఉదాహరణ జాతి సిద్ధాంతాన్ని ఎలా ప్రశ్నిస్తుంది?
2. నెల జీతం, ప్రైజు మనీ: ఈ రెండింటి లాభనష్టాలను పోల్చండి.
3. స్థానికులకు విడిగా బహుమతి ఇవ్వడానికీ, ఇతరులను పోటీకి రానివ్వకపోవడానికీ తేడా ఏమిటి?
4. మీ పేటలో పరుగెత్తే పిల్లల ఖర్చు ఎవరు భరిస్తున్నారో అడిగి తెలుసుకోండి.