మా తాత నీరటి

మా తాత ఊరి చెరువుకు నీరటి. తూము తీయడం, వంతుల ప్రకారం పొలాలకు నీళ్లు మళ్లించడం, వానాకాలం రాత్రులు కట్ట మీద కాపలా కాయడం ఆయన పని. జీతమంటూ లేదు. కోతలయ్యాక రైతులు కల్లంలో కొలిచిచ్చే వడ్లతోనే నలుగురు పిల్లల్ని సాకాడు.

ఒక చెరువు అలుగు పారితే కింది చెరువు నిండే గొలుసుకట్టు కాకతీయుల కాలం నాటిది. అది ఇన్నేళ్లు నిలిచింది ఇలాంటి మనుషుల వల్లే. కట్టకు ఎండ్రకాయ బొక్క కనబడితే తాత అక్కడే ఆగి, బంకమట్టి కూరి, కాలితో తొక్కి గట్టిపరిచేవాడు. తన మడి ఎండుతున్నా ఆయకట్టు చివరి రైతుకే ముందు తడి ఇచ్చేవాడు. "తూము పక్కనున్నోడు ఎట్లన్న పారిచ్చుకుంటడు బిడ్డా, కొసకున్నోని సంగతి చూడాలె" అనేవాడు.

2015లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ చెరువుల్లో పూడిక తీయించింది. వాటిలో నిలిచే నీళ్లను న్యాయంగా పంచే నీరటి కూడా ప్రతి చెరువుకూ ఉండాలి.