ఇంజిన్ కొడుతోంది, ఎక్కడ?

బావుల మీద ఆయిల్ ఇంజిన్లు నడిచిన రోజుల్లో పాలమూరు రైతు మడి గట్టు మీద నిలబడే ఇంజిన్ సంగతి చెప్పేవాడు. నీళ్లు ఎత్తుతున్నంత సేపూ బరువుగా వచ్చే దుక్ దుక్ చప్పుడు, ఫుట్‌వాల్వ్ గాలి పీల్చగానే ఒక్కసారిగా తేలికైపోయేది. పార అక్కడే పడేసి బావి దగ్గరికి పరుగెత్తేవాడు. ఆ ఒంటి సిలిండరు ఇంజినూ, ఇవాళ గోపాల్‌పేట నుంచి వనపర్తికి పెళ్లివాళ్లను మోస్తున్న పాత డీజిల్ కారు ఇంజినూ ఒకే జాతివి. చప్పుడు చదివే విద్య కూడా ఒకటే. కాకపోతే కారులో సిలిండర్లు నాలుగు, చప్పుళ్లు నలభై.

ఆ పాత కారు ఇండికా అనుకుందాం. 1998 చివర్లో విడుదలై, 2018లో తయారీ ఆగిపోయిన బండి ఇది. నగరాల్లో ట్యాక్సీగా తిరిగి తిరిగి, చేతులు మారి పల్లెలకు చేరిన ఇండికాలు తక్కువేమీ కాదు. 15 ఏళ్లు దాటితే ఆర్‌సీ రెన్యువల్‌కు ఫిట్‌నెస్ చూపించాలి. సరిగ్గా అప్పుడే ఇంజిన్ కొట్టడం మొదలుపెడుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే బానెట్ పూర్తిగా లేవకముందే తీర్పు వచ్చేస్తుంది: "బోరుకొచ్చింది సార్, ఇంజిన్ దించాలి." ఆ తీర్పు ఒక్కోసారి నిజమే. కానీ విచారణ లేకుండా ఇచ్చిన తీర్పు అది.

డీజిల్ ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నా కొంత కొట్టుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజిన్‌లో నిప్పురవ్వ లేదు, ఇప్పటికీ లేదు. పిస్టన్ గాలిని 20, 22 వంతుల్లో ఒక వంతుకు అదిమేస్తుంది. ఆ గాలి వేడి 500 డిగ్రీలు దాటిపోతుంది. అందులోకి నాజిల్ డీజిల్‌ను చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో నడుస్తున్న పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివినవాళ్లెవరైనా ఈ క్రమమంతా గ్రాఫుగా కళ్లు మూసుకుని గీస్తారు. అయితే పుస్తకంలోని గ్రాఫులో కనబడని ఆలస్యం ఒకటి అసలు ఇంజిన్‌లో ఉంటుంది. చిమ్మిన డీజిల్ ఆవిరై, గాలితో కలిసి, అంటుకోవడానికి సెకనులో వెయ్యో వంతు పడుతుంది.

వంటింట్లో గ్యాస్ పొయ్యి తిప్పి, లైటర్ కోసం వెతుక్కుని, ఆలస్యంగా వెలిగిస్తే ఏమవుతుంది? భుగ్గుమంటుంది. వెంటనే వెలిగిస్తే చడీచప్పుడూ ఉండదు. సిలిండరులోనూ అంతే. అంటుకోవడం ఎంత ఆలస్యమైతే అంత డీజిల్ పోగుపడుతుంది, అదంతా ఒక్కసారే కాలి పిస్టన్ మీద సుత్తి దెబ్బ వేస్తుంది. డీజిల్ కొట్టుడు అంటే ఇదే.

ఆలస్యం ఎందుకు పెరుగుతుందో తెలిస్తే సగం రోగాలు తెలిసినట్టే. డిసెంబరు తెల్లవారుజామున ఇంజిన్ చల్లగా ఉంటుంది. హీటర్ ప్లగ్గుల్లో ఒకటి రెండు కాలిపోయి ఉంటే తెల్లపొగతో పాటు ఠకఠకలు మొదలై, నాలుగైదు నిమిషాల్లో సర్దుకుంటాయి. నాజిల్ పొగమంచులా చిమ్మాల్సింది పోయి చుక్కలుగా కారిస్తే, ఆ చుక్కలు ఆవిరయ్యేసరికి ఆలస్యం, నల్లపొగ, చప్పుడు మూడూ వస్తాయి. పంపు టైమింగ్ ముందుకు జరిగినా కొడుతుంది, ఎందుకంటే గాలి ఇంకా పూర్తిగా వేడెక్కకముందే డీజిల్ వచ్చి కూర్చుంటుంది. డీజిల్‌కే అంటుకునే గుణం తక్కువైతే? ఆ గుణానికి కొలత సీటేన్ సంఖ్య. బీఎస్-6 డీజిల్‌కు అది కనీసం 51 ఉండాలి. కిరోసిన్ కలిపితే ఆ సంఖ్య పడిపోతుంది, పంపుకు దక్కాల్సిన జిడ్డు కూడా పోతుంది. పంపు అరిగాక అయ్యే ఖర్చు ముందు కిరోసిన్‌తో మిగిలిన డబ్బు ఏ మూలకూ రాదు.

ఇక లెక్కకు వద్దాం. ఐడిల్‌లో ఇంజిన్ నిమిషానికి 750 చుట్లు తిరుగుతోందనుకోండి. అంటే సెకనుకు పన్నెండున్నర చుట్లు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారే మండుతుంది, ప్రతి వాల్వూ ఒకసారే తెరుచుకుంటుంది. కాబట్టి ఒక్క టాపెట్ గానీ ఒక్క నాజిల్ గానీ చెడితే సెకనుకు ఆరు దెబ్బలే పడతాయి. వేలితో బానెట్ మీద తాళం వేయగలిగినంత నెమ్మది అది. అంతకు రెట్టింపు వేగంతో కొడుతుంటే క్రాంక్ వైపు అనుమానించాలి. ఏ పరికరమూ లేకుండా సగం ఇంజిన్‌ను అనుమానంలోంచి తప్పించే పరీక్ష ఇది.

టాపెట్ చప్పుడు పైనుంచి, సన్నగా, టిక్ టిక్ మంటుంది. వాల్వ్ కవర్ విప్పి ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే టాపెట్ గ్యాప్‌లో మిల్లీమీటరులో పదో వంతు తేడా కూడా దొరికిపోతుంది. గ్యాప్ ఎంత ఉండాలన్నది ఆ ఇంజిన్ పుస్తకం చెప్పాలి, పక్క బండి అనుభవం కాదు.

పిస్టన్ చప్పుడు కథ వేరు. ఇండికా సిలిండరు బోరు 75 మిల్లీమీటర్లు. పిస్టన్ అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా రెట్టింపు వ్యాకోచిస్తుంది. రెండూ 100 డిగ్రీలు వేడెక్కితే పిస్టన్ అడ్డంగా 0.17 మిల్లీమీటరు ఉబ్బుతుంది, బోరు 0.08 మాత్రమే. అంటే వాటి మధ్య సందు దాదాపు ఒక వెంట్రుక మందమంత మూసుకుపోతుంది. అందుకే బోరు కాస్త అరిగిన బండి పొద్దున్నే డొల్లగా కొట్టి, ఊరు దాటేసరికి నోరు మూసుకుంటుంది. ఆయిల్ తాగకుండా, పికప్ తగ్గకుండా ఉంటే దీనితో ఏళ్ల తరబడి నడుపుకోవచ్చు. ఇంజిన్ దించాల్సిన పనే లేదు.

చప్పుడు ఎక్కడిదో పట్టడానికి మేస్త్రీ పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటాడు. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది గానీ భౌతికశాస్త్రం అతని పక్షమే. ఇనుములో పుట్టిన శబ్దంలో గాలిలోకి దూకేది అతి కొద్ది భాగం, మిగతాదంతా లోహంలోకే వెనక్కి మళ్లుతుంది. స్క్రూడ్రైవర్ ఆ లోహపు దారిని చెవి దాకా పొడిగిస్తుంది. డాక్టరు స్టెతస్కోపు చేసే పని కూడా ఇలాంటిదే. ఒక్కో నాజిల్ మీదా, వాల్వ్ కవర్ మీదా, డైనమో మీదా, కింద ఆయిల్ చాంబర్ మీదా ఆనిస్తూ పోతే, ఎక్కడ గట్టిగా వినబడితే దొంగ అక్కడికి దగ్గర్లోనే ఉన్నాడు. ఫ్యాన్, బెల్టుల దగ్గర మాత్రం చేతులూ చొక్కా అంచులూ జాగ్రత్త.

దొంగను రెడ్ హ్యాండెడ్‌గా పట్టించేది మరొక పరీక్ష. పాత ఇండికా లాంటి రోటరీ పంపు ఇంజిన్లలో, ఐడిల్‌లో ఉండగా ఒక్కో నాజిల్ పైపు నట్టును కొద్దిగా వదులు చేస్తారు. ఆ సిలిండరుకు డీజిల్ అందదు, అది మండదు. ఇప్పుడు చెవి పెట్టాలి. కొట్టుడు పూర్తిగా మాయమైతే తప్పు ఆ నాజిల్‌ది. మెత్తబడి మూలిగితే ఆ సిలిండరు కనెక్టింగ్ రాడ్ బేరింగుది, ఎందుకంటే పిస్టన్ మీద బరువు పడనప్పుడు బేరింగు మీదా దెబ్బ తగ్గుతుంది. ఏమీ మారకపోతే టాపెట్ల వైపు చూడాలి. ఐదు నిమిషాల పని, పావలా ఖర్చు లేదు. ఇది చేయకుండా ఇంజిన్ దించమనే షెడ్డు నుంచి బండి తిప్పుకుని రావడమే మంచిది.

కానీ ఈ పరీక్ష కామన్ రెయిల్ బండి మీద చేయకూడదు. 1997లో యూరప్ కార్లలోకి వచ్చిన ఈ పద్ధతిలో అసలు డీజిల్‌కు ముందు చిటికెడు డీజిల్ చిమ్మి మంట రాజేస్తారు, అందుకే ఈ పద్ధతిలో నడిచే డీజిల్ స్విఫ్ట్ డిజైర్ పాత ఇండికాలా కొట్టుకోదు. కానీ ఆ పైపుల్లో ఒత్తిడి 1,600 బార్ల దాకా పోతుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకే. ఆ ఒత్తిడితో వచ్చిన సన్నని ధార చర్మంలోంచి లోపలికి దూసుకెళ్తుంది. పైకి సూది గుచ్చినట్టే కనబడినా వేలు తీసేయాల్సి రావచ్చు. అక్కడ స్కానర్ పెట్టి నాజిళ్లను ఒక్కొక్కటిగా ఆపి చూడటమే పద్ధతి. ఆ డిజైరే పొద్దున్న స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గరగరలాడితే అది టైమింగ్ చైన్ సాగిన గుర్తు కావచ్చు, వాయిదా వేయొద్దు.

ఇంజిన్‌వి కాని ఇంజిన్ చప్పుళ్లు చాలా ఉన్నాయి. ఎండకు, ఆయిల్‌కు చీలిపోయిన ఫౌండేషన్ రబ్బర్లు ఐడిల్‌లో బండినంతా వణికిస్తాయి. డైనమో బేరింగు గీ మంటుంది. బెల్టు తీసి కొన్ని సెకన్లు నడిపి చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది. నాజిల్ కింది రాగి వాషరు వదిలితే చఫ్ చఫ్ మంటూ గాలి తన్ని, చుట్టూ తారులాంటి మసి పేరుకుంటుంది. వాషరు చిన్నదే. అలాగే వదిలేస్తే నాజిల్ కూర్చునే చోటు దెబ్బతింటుంది, అప్పుడు పని లేత్ షాపు దాకా పోతుంది.

బండిని అక్కడికక్కడే ఆపేయాల్సిన చప్పుడు ఒకటుంది. కిందినుంచి ధన్ ధన్ మని, బరువు ఎక్కినకొద్దీ, రేజ్ చేసి వదిలినప్పుడు ఇంకా గట్టిగా వస్తుంది. ఇంజిన్ వేడెక్కి ఆయిల్ పలచబడినకొద్దీ పెరుగుతుంది. పిస్టన్ చప్పుడుకు ఇది సరిగ్గా తిరగబడిన లక్షణం. బేరింగుకూ క్రాంక్‌కూ మధ్య ఉండాల్సిన సందు కాగితం మందంలో సగం, అందులో ఆయిల్ పొర ఉంటేనే లోహం లోహాన్ని తాకదు. అక్కడ అరుగుదల మొదలైతే ఆయిల్ లైటు మినుకుమంటుంది. ఈ దశలో ఆపితే బేరింగులతో, మహా అయితే క్రాంక్ గ్రైండింగ్‌తో పోతుంది. ఇంకో పది కిలోమీటర్లేగా అని నడిపితే రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకుని బయటికి రావచ్చు.

షెడ్డుకు బయల్దేరేముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి: చప్పుడు చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా, పైనుంచా కిందినుంచా, బరువు మీద పెరుగుతోందా తగ్గుతోందా, పొగ రంగేమిటి. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం కూడా రాయండి. ఆ కాగితం మేస్త్రీ చేతికిచ్చి, ముందు పైపు నట్టు పరీక్ష చేయమనండి, అది కామన్ రెయిల్ బండి కాకపోతేనే.