కొండపల్లెలో పాలపళ్ళు

కాఫీపండ్లు కోసే రోజులలో డుంబ్రిగూడ దాటి ఒక పల్లెకు వెళ్ళాను. వాకిట మూడున్నరేళ్ళ పసివాడు, ఒక చేత బిస్కెట్ల పొట్లం, మరొక చేత చెంప పట్టుకొని ఏడుస్తున్నాడు. నోరు తెరిపించి చూశాను. పైవరుస ముందరి నాలుగు పళ్ళూ చిగుళ్ళదాకా నల్లబడి అరిగిపోయాయి. కింది ముందరి పళ్ళు మాత్రం తెల్లగానే ఉన్నాయి. తీపి నోట ఉండగా నిద్రపోయే బిడ్డలలో తరచు కానవచ్చే గుర్తు ఇది. కిందిపళ్ళకు నాలుక, లాలాజలం రక్షణ ఇస్తాయి.

సుశ్రుతుడు క్రిమిదంతమన్నది, మనం పిప్పిపన్ను అంటున్నదీ ఈ వ్యాధినే. పంటినంటిన సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మార్చి పింగాణీ పొరను కరిగిస్తాయి. పాలపళ్ళకు ఆ పొర పలుచన. తీపి ఎంత తిన్నారన్నదే కాక, రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నది కూడా లెక్కకు వస్తుంది.

తల్లిని మందలించబోయాను. "తెల్లారకముందే తోటకు పోతాం బాబూ. అక్కపిల్లే చూస్తాది. బిస్కెట్టిస్తే ఏడుపు ఆపుతాడు" అన్నది. అక్కపిల్లకు ఏడేళ్ళు. ఇక ఏమని మందలించను?

ఒకప్పుడు ఆ ఇళ్ళలో పొద్దున చోడి అంబలి, ఆపైన సామల అన్నం. నేడు సంతనుండి బిస్కెట్లు, చాకొలెట్లు, చక్కెర టీ వస్తున్నాయి. వండే పని లేదు, పిల్ల చేతికి ఇచ్చిపోవచ్చు. పన్ను చూపించాలంటే ఒకనాటి కూలి, బస్సు ఖర్చు పోతాయి గనుక ముఖం వాచేదాకా ఆగుతారు. పట్నంలో మనకు ఆ ఇబ్బంది లేదు. అయినా పాలసీసా నోట పెట్టి నిద్రపుచ్చుతాం, "పాలపళ్ళేగా, ఊడిపోతాయి" అంటాం. పాలదవడపళ్ళు పది, పన్నెండేళ్ళదాకా ఉండవలసినవని మరచిపోతాం.

ఇంతలో ఆమె మెల్లగా అడిగింది: "నిరుడు దగ్గుకు పొడి ఇచ్చి, రాత్రిపూట తేనెలో నాకించమన్నారు. దానివల్ల కాదు కదా బాబూ?"

దానివల్లనే అనలేను; కాదనడానికీ నోరు రాలేదు. గురుకులంలో తేనెను అనుపానంగా నేర్చుకున్నాను. వైద్యానికి అది ఎంత శ్రేష్ఠమైనా పంటికి మాత్రం చక్కెరే. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తీపికి హద్దు చెప్పినపుడు తేనెను కూడా అందులోనే చేర్చింది. నాకించిన తరువాత నోరు తుడవమని నేను చెప్పలేదు. ఎందరు తల్లులకు చెప్పలేదో! ఇప్పుడు తేనె మందులు పగలే ఇప్పిస్తున్నాను, వెంటనే నీళ్ళు తాగించమంటున్నాను. ఏడాది నిండని బిడ్డకు తేనె అసలు కూడదు.

తొలిపన్ను రాగానే తడిగుడ్డతోనో, మెత్తని బ్రష్షుతోనో పెద్దవారే తోమాలి. మూడేళ్ళలోపు బియ్యపుగింజంత, ఆపైన బఠాణీగింజంత ఫ్లోరైడు పేస్టు చాలు. కానుగ, వేప పుల్లలు పెద్దవారికి మంచివే గాని పసిచిగుళ్ళను గీరుతాయి. లవంగతైలం పసివాని నోట వేయకండి, కాలుతుంది. వాపో, జ్వరమో కనిపిస్తే చిట్కాలతో కాలహరణం చేయక దంతవైద్యుని వద్దకు వెళ్ళండి.

ఆ బిడ్డకు చెంప వాచి ఉన్నది. మరునాడే తల్లీబిడ్డలను వెంటబెట్టుకొని దంతవైద్యునికి చూపించాను. రెండు పళ్ళు తీయవలసి వచ్చింది. తిరిగివచ్చాక ఆమె అంబలికుండను ఉట్టినుండి దించి, అక్కపిల్ల చేతికి అందేచోట పెట్టింది.