గోదావరి పాఠం... ఒక పీట, గ్లాసుడు నీళ్లు!

ముందుగా ఈ వాక్యం చదవండి. ‘బుల్లిగాడు టుంకలో జిప్పరని లొడికాడు.’

ఇప్పుడు ప్రశ్న. బుల్లిగాడు జిప్పరని ఎక్కడ లొడికాడు?

‘టుంకలో’ అని ఠక్కున చెప్పేశారు కదా! ఫుల్ మార్కులు. కానీ టుంక అంటే ఏంటో మీకూ తెలీదు, నాకూ తెలీదు. అలాంటి మాటే లేదు మరి. అర్థం కాకుండానే ఆన్సర్ చెప్పేయొచ్చన్నమాట. మా మేనకోడలు నాలుగో తరగతిలో సరిగ్గా ఇదే చేస్తోందని నాకు మొన్న ఆగస్టులో తెలిసింది.

వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని రెండు వారాలు రాజమండ్రిలో అక్క వాళ్లింట్లో ఉన్నా. వెళ్లిన రోజే అక్క మొదలుపెట్టింది. “ఒరేయ్, ఇది పాఠం గడగడా చదివేస్తుంది. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తుంది. బుర్రకి ఎక్కట్లేదేమో! ట్యూషన్ పెట్టించనా?”

పక్కనే ఉన్న పిల్ల తల దించేసుకుంది. నాకు మనసు చివుక్కుమంది. “ముందు నన్ను చూడనీ అక్కా” అన్నా.

కనుమ అంటే పండగే కదా!

పాఠం గోదావరి గురించి. నాసిక్ దగ్గర త్రయంబకేశ్వర్‌లో, పడమటి కనుమల్లో పుట్టి, దక్కన్ పీఠభూమి మీదుగా తూర్పుకి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుందని ఉంది. పిల్ల ఒక్క తప్పు లేకుండా చదివింది. ఎక్కడ పుట్టింది, ఎందులో కలుస్తుంది... అన్నీ చెప్పింది. మేం కోడ్‌లో కంట్రోల్ ఎఫ్ కొట్టి మాట వెతుక్కుంటామే, అచ్చం అలాగే! ప్రశ్నలో మాట ఏ లైన్లో ఉందో చూసి ఆ లైను అప్పజెప్పేస్తోంది.

“కనుమలు అంటే ఏంటి?” అనడిగా.

“పండగ మావయ్యా. సంక్రాంతి తర్వాత వస్తుందిగా!”

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నా. తప్పేముంది? తనకు తెలిసిన కనుమ అదే. పీఠభూమి అంటే అసలేమీ తెలీదు. రోజూ స్కూల్ ఆటోలోంచి గోదావరిని చూస్తుంది. ఆ నదీ, పుస్తకంలో నదీ ఒకటేనని మాత్రం దానికి తట్టలేదు.

ఇది మా పిల్ల ఒక్కదాని సమస్య కాదు. 1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 64 మంది పిల్లలతో బేస్‌బాల్ గురించిన కథ చదివించారు. బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కంటే, చదువులో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలే కథని బాగా గుర్తుపెట్టుకుని చెప్పగలిగారు. అంతెందుకు, క్రికెట్ తెలియనివాళ్లకి మ్యాచ్ రిపోర్ట్ ఇచ్చి చూడండి. ప్రతి అక్షరం చదువుతారు, ఒక్క ముక్కా అర్థం కాదు.

పీట మీద గోదావరి

వంటింట్లోంచి పీట తెచ్చా. “ఇదే పీఠభూమి. చుట్టూ ఉన్న నేల కంటే ఎత్తుగా ఉంటుంది, పైన ఇంచుమించు చదునుగా ఉంటుంది” అని పడమటి వైపు కింద రెండు పుస్తకాలు పెట్టా. ఆ అంచున వరసగా నిమ్మకాయలు పేర్చా. అవే పడమటి కనుమలు.

“త్రయంబకేశ్వర్ నుంచి అరేబియా సముద్రం దాదాపు 80 కిలోమీటర్లే. మరి గోదావరి అంత దగ్గర సముద్రాన్ని వదిలేసి ఇంత దూరం ఎందుకొస్తోంది?”

పిల్ల ఆలోచనలో పడింది. గ్లాసుతో నిమ్మకాయల ఇవతల నీళ్లు పోసింది. నీళ్లు తూర్పుకి జారి నా లాప్‌టాప్ ఛార్జర్ దాకా వచ్చాయి. “వాలు ఇటుంది మావయ్యా!” అని గెంతింది. ఆ మాట పుస్తకంలో ఎక్కడా లేదు.

మర్నాడు గట్టు మీదకి తీసుకెళ్లా. ఎర్ర నీళ్లతో నది నిండుగా ఉంది. ఊళ్లో మాత్రం నాలుగు రోజులుగా చినుకు లేదు. “వాన లేకుండా వరద ఎక్కణ్ణించొచ్చింది?” అనడిగా. ఇంటికొచ్చి మ్యాప్ తీసింది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి... ఒక్కో ఉపనదినీ వేలితో వెనక్కి పట్టుకెళ్లింది. “పైన మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో వాన పడితే మనకి నీళ్లొస్తాయి!” భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఎందుకిస్తారో, అక్కడి అంకె కోసం ఇక్కడ వాళ్ల నాన్న టీవీ ఎందుకు చూస్తాడో దానికి అప్పుడు తెలిసింది.

అరమార్కు పోయింది

తర్వాతి వారం యూనిట్ టెస్ట్. ‘గోదావరి తూర్పుకి ఎందుకు ప్రవహిస్తుంది?’ అన్న ప్రశ్నకి ‘పీట వాలుగా ఉంది కాబట్టి’ అని రాసింది. అరమార్కు కోసేశారు. “నీ పీట వల్లేరా!” అని అక్క నన్ను కసిరింది. నిజమే, సగం తప్పు నాది. అర్థమైనదాన్ని పుస్తకంలో మాటల్లో మళ్లీ చెప్పించడం మర్చిపోయా. ఆ రాత్రి కూర్చుని ‘దక్కన్ పీఠభూమి తూర్పుకి వాలి ఉంది కాబట్టి’ అని తనచేతే చెప్పించా. ట్యూషన్ మాట మాత్రం అక్క మళ్లీ ఎత్తలేదు.

మీ ఇంట్లోనూ చిన్నపిల్లలుంటే ఇలా చేసి చూడండి:

* చదివే ముందే రెండు మూడు కొత్త మాటలకి అర్థం చూపించండి. పీట, పళ్లెం, ఇసుక... ఏదైనా పర్లేదు.
* ‘ఎక్కడ’, ‘ఎప్పుడు’ దగ్గరే ఆగకండి. ‘ఎందుకు’, ‘అలా కాకపోతే ఏమయ్యేది’ అని అడగండి.
* పక్కన మ్యాప్ పెట్టండి. చదివిన ఊరిని వేలితో వెతకమనండి.
* చివర్లో పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పమనండి. ఆ తర్వాతే పుస్తకం మాటలు.

నేను హైదరాబాద్ వచ్చేసిన మూడో రోజు మీటింగ్‌లో ఉండగా అక్క ఫోన్ నుంచి వాయిస్ మెసేజ్. “మావయ్యా, నర్మద అరేబియా సముద్రంలోకి వెళ్తుందట. మరి వాలు ఇటు కదా?”

నాకు ఆన్సర్ తెలీదు. వెతికితే తెలిసింది. వింధ్య, సాత్పురా కొండల మధ్య నేల కుంగి ఏర్పడిన లోయలో నర్మద పడమటికి పారుతుందట. వెంటనే చెప్పేయలేదు. “మ్యాప్‌లో దానికి అటూ ఇటూ ఏమున్నాయో చూడు” అని మెసేజ్ పెట్టా.

ఇంకా వెతుకుతూనే ఉంది.