తమ్ముడి కోరపన్ను ఎందుకు రాలేదు?

మీ ఇంట్లో పదిన్నరేళ్ళ అబ్బాయి ఉన్నాడనుకోండి. కింది కోరపన్ను ఇంకా రాలేదు. ఏ పన్ను ఏ వయసులో వస్తుందో చెప్పే పట్టిక చూస్తారు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పట్టికలో ఆ పన్నుకు 9–10 ఏళ్ళు అని ఉంటుంది. పైగా ఇంట్లో అవ్వ, "వాళ్ళ అక్కకి తొమ్మిది దాటగానే వచ్చింది కదా!" అంటుంది. ఇక మీకు బెంగ పట్టుకుంటుంది.

ఆ పట్టికను ఇంకోసారి చూడండి. అందులో ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరు వేరు లెక్కలు లేవు. అందరికీ ఒకటే వరుస.

బోస్టన్‌లోని ఫోర్సైత్ దంతవైద్యశాలలో పనిచేసిన హుర్మె అనే పరిశోధకుడు 1949లో వేరు వేరు లెక్కలు ఇచ్చాడు. ఆయన సగటు ప్రకారం కింది కోరపన్ను ఆడపిల్లలకు 9 ఏళ్ళ 10 నెలలకు వస్తుంది. మగపిల్లలకు 10 ఏళ్ళ 9 నెలలు దాటాక వస్తుంది. అంటే దాదాపు 11 నెలల తేడా! ఇది సగటు మాత్రమే కాబట్టి ఎందరో అబ్బాయిలకు ఇంకా ఆలస్యంగా వస్తుంది. గోడ మీది పట్టికతో పోలిస్తే వాళ్ళంతా వెనకబడ్డట్టే కనిపిస్తారు. హుర్మె లెక్కలు ఎక్కువగా ఐరోపా సంతతి పిల్లలవి. మన పిల్లలకు నెలలు అటూ ఇటూ కావచ్చు. కానీ ఆడపిల్లలు ముందు, మగపిల్లలు వెనక అన్న వరుస దాదాపు ప్రతి దేశంలోనూ కనిపించింది.

(ఒక చిన్న మాట. తెలుగులో "పన్ను" ఒకటైతే "పళ్ళు" అనేకం. "పండు"కు బహువచనం కూడా "పళ్ళు"! అందుకే "పళ్ళు తిన్నావా, తోముకున్నావా?" అని అవ్వ అడిగితే తికమక పడకండి.)

తేడా అన్ని పళ్ళకూ ఒకేలా ఉండదు. ఆరేళ్ళ వయసులో వచ్చే దవడపన్నుకు మూడు నెలలే. కోరపళ్ళకు అన్నిటికంటే ఎక్కువ. పాలపళ్ళలో అయితే దాదాపు కనిపించదు. కారణం ఎదుగుదల వేగంలో ఉంది. చిగురు కింద పన్ను వేరు సగానికి పైగా తయారయ్యాకే పన్ను బయటికి వస్తుంది. ఆడపిల్లల్లో ఆ వేరు ముందే తయారవుతుంది. మణికట్టు ఎముకలు ముందే గట్టిపడటం, ఎత్తు ముందే పెరగటం కూడా ఇలాంటివే.

ఆరేళ్ళ దవడపన్ను గురించి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. అది వచ్చేటప్పుడు ఏ పాలపన్నూ ఊడదు. వెనకాల నుంచి చప్పుడు లేకుండా వస్తుంది. అందుకని చాలామంది దాన్ని పాలపన్నే అనుకుని, పుచ్చినా "ఊడిపోతుందిలే" అని వదిలేస్తారు. అది ఊడేది కాదు, జీవితాంతం ఉండాల్సింది. ఆడపిల్లలకు ముందు వస్తుంది కాబట్టి ముందే పుచ్చే అవకాశమూ ఉంది. అయిదున్నర దాటితే టార్చి వేసి నోటి వెనక చూడండి.

మరి ఎప్పుడు డాక్టరును అడగాలి? ఒక పక్క పన్ను వచ్చి, ఆరు నెలలైనా రెండో పక్క అదే పన్ను రాకపోతే అడగండి. పై కోరపన్ను ఎముకలో ఇరుక్కుపోవడం ఆడపిల్లల్లోనే ఎక్కువ. "అమ్మాయికి అన్నీ తొందరే" అని నిశ్చింతగా ఉండకండి. పదేళ్ళకు డాక్టరు పై చిగురును వేలితో తడిమి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

పళ్ళను చూసి వయసు చెప్పడం మన పూర్వీకుల కాలం నాటి పనే. ఇంగ్లాండులో 1833 చట్టం తొమ్మిదేళ్ళలోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లో పనికి పెట్టకూడదంది. కానీ జనన పత్రాలు లేవు. ఎత్తు కంటే పళ్ళే నమ్మకమైన సాక్ష్యమని ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు 1837లో వాదించాడు. అందుకు వెయ్యిమందికి పైగా పిల్లల నోళ్ళు చూశాడు. అదే దశకంలో మనవాళ్ళ ఓడలు మారిషస్‌కు బయలుదేరాయి. తర్వాత 1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీకి వెళ్ళాయి. ఆ ప్రయాణికుల పాసు మీ ఇంట్లో ఉంటే తీసి చూడండి. వయసు ఉంటుంది, ఎత్తు ఉంటుంది, ఒంటి మీద గుర్తులు ఉంటాయి. పుట్టిన తేదీ మాత్రం ఉండదు.

ఇప్పటికీ ఈ దేశానికి పత్రాలు లేకుండా ఒంటరిగా వచ్చే పిల్లలున్నారు. పద్దెనిమిది నిండాయా లేదా అన్నదాన్ని బట్టి వాళ్ళను పిల్లలతో ఉంచాలా, పెద్దల నిర్బంధంలో పెట్టాలా అన్నది తేలుతుంది. కొన్నిసార్లు వాళ్ళ జ్ఞానదంతాలకు ఎక్స్‌రే తీస్తారు. చిత్రమేమిటంటే, ఆ ఒక్క పన్ను మాత్రం తరచుగా మగపిల్లల్లోనే కాస్త ముందు ఎదుగుతుంది. అందులోనూ మనిషికీ మనిషికీ ఏళ్ళ తేడా ఉంటుంది. ఎక్స్‌రే ఒక్కదాన్నే నమ్మి వయసు తేల్చకూడదు, ఇతర ఆధారాలూ చూడాలి అని 2008లో అమెరికా చట్టం చేసింది. బానిసత్వంపై పోరాడిన విల్బర్‌ఫోర్స్ పేరే ఆ చట్టానికి పెట్టారు.