ఓవెన్ ఉండగా ఎయిర్ ఫ్రయరు ఎందుకు?

"డాక్టరుగారూ, ఇంట్లో ఓవెన్ ఉంది. ఎయిర్ ఫ్రయరు కూడా కొనమంటారా?" నిజామాబాదులోనూ, బోధన్‌లోనూ ఈ మధ్య నన్ను తరచు అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేవారిలో మధుమేహం, రక్తపోటు ఉన్నవారే ఎక్కువ.

ముందుగా ఒక సంగతి గ్రహించండి. పేరులో వేపుడున్నా అది మూకుడు కాదు. ఫ్యాను బిగించిన చిన్న ఓవెనే. ఫ్యాను వేడిగాలిని జోరుగా తిప్పుతుంది, పదార్థం పైపొర ఎండి కరకరలాడుతుంది. మీ ఓవెన్‌లో ఫ్యాను ఉంటే అదీ ఈ పనే చేస్తుంది, కాస్త నిదానంగా. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి చిన్నదే అనుకూలం, త్వరగా వేడెక్కుతుంది. పెద్ద కుటుంబమైతే నాలుగు వాయిలు వేయాలి. అప్పుడు ఓవెనే నయం.

జారుగా కలిపిన పిండితో మిరపకాయ బజ్జీలు అందులో రావు, పిండి కిందికి కారిపోతుంది. సకినాలకు మూకుడే గతి. అవి సంక్రాంతికి చేసుకోండి, చాలు. బెండకాయ, కాకరకాయ, చేపముక్క మాత్రం చెంచాడు నూనె పట్టిస్తే చక్కగా వేగుతాయి.

నా భయమల్లా వేరు. గ్రాము నూనెకు 9 కేలరీలు, అది తగ్గితే మంచిదే. కాని ఆలుగడ్డలోని పిండిపదార్థం ఎక్కడికీ పోదు. "నూనె లేదు కదా" అని రెండింతలు తిన్నారో, రక్తంలో చక్కెర పెరిగి తీరుతుంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గాని, మన ఒంట్లోది నడుస్తూనే ఉంది! ఆలుగడ్డ ముక్కలు మాడితే అక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఎక్కువవుతుంది. బంగారు రంగు రాగానే తీసేయండి.

వారానికి మూడు నాలుగుసార్లు వేపుళ్లు చేసే ఇల్లయి, ఓవెన్‌లో ఫ్యాను లేకపోతే కొనుక్కోండి. లేదంటే ఆ డబ్బులో కొంతపెట్టి గ్లూకోమీటరు తెచ్చుకోండి.