వైరస్ మెయిలు వస్తే ఎవరికి చెప్పాలి?

తెలిసినవాళ్ల పేరుతో వైరస్ మెయిలు రాగానే చాలామంది "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, చూసుకోండి" అని వాళ్లకే జవాబు కొడతారు. ఉద్దేశం మంచిదే గానీ, ఆ కబురు తరచూ ఏ పాపం ఎరగని మనిషికి చేరుతుంది. 2002లో క్లెజ్, 2003 ఆగస్టులో సోబిగ్-ఎఫ్, 2004 జనవరిలో మైడూమ్ వైరస్‌లు ఆడిన నాటకం ఒకటే. సోకిన కంప్యూటర్‌లో దొరికిన చిరునామాల్లో ఏదో ఒకదాన్ని 'ఫ్రమ్' దగ్గర పెట్టి మిగతా వాళ్లకు మెయిళ్లు పంపేవి. జబ్బు సుబ్బారావు కంప్యూటర్‌కి, చెడ్డపేరు లక్ష్మికి. కంపెనీల సర్వర్లలో కాపలా ఉన్న యాంటీవైరస్‌లు కూడా బోల్తాపడి, ఫ్రమ్‌లో ఉన్న అమాయకులకు హెచ్చరికలు పంపాయి. ఆ హెచ్చరికల వరదే మరో బెడద అయింది! అందుకే ఫిర్యాదు వెళ్లాల్సింది ఫ్రమ్‌లో పేరున్న మనిషికి కాదు, మెయిలు నిజంగా బయల్దేరిన కంప్యూటర్‌కి ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన సంస్థకి.

ఆ సంస్థ ఏదో మెయిల్లోనే రాసి ఉంటుంది, కాకపోతే మామూలుగా కనపడదు. జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కితే మెయిలు పూర్తి హెడర్ తెరుచుకుంటుంది. అందులో 'రిసీవ్డ్' అని మొదలయ్యే వరసలు ఉత్తరం మీద ఒక్కో పోస్టాఫీసు కొట్టే ముద్రల్లాంటివి. మెయిలు చేతులు మారినప్పుడల్లా, అందుకున్న సర్వరు తన ముద్రను అన్నిటికన్నా పైన వేస్తుంది. అడుగున ఉన్న వరసలను దొంగ ముందే అల్లి పెట్టి ఉండొచ్చు. మన మెయిల్ సంస్థ సర్వరు బయటి నుంచి మెయిలు అందుకుంటూ రాసుకున్న వరసను మాత్రం నమ్మొచ్చు. అందులో బ్రాకెట్ల మధ్య 203.0.113.25 తరహాలో ఉండేదే ఐపీ అడ్రస్. దాన్ని 'హూయిజ్' సేవలో వెతికితే ఆ నంబరు ఏ సంస్థదో, ఫిర్యాదులు ఎక్కడికి పంపాలో తెలుస్తుంది. ఇలాంటి ఫిర్యాదుల కోసం ప్రతి సంస్థా 'అబ్యూస్' పేరుతో ఒక మెయిల్ చిరునామా పెట్టుకోవాలని 1997లోనే ఇంటర్నెట్ ప్రమాణాల్లో రాసుకున్నారు.

ఆ నంబరు వెనక ఉన్న మనిషి ఎవరో మనకు తెలిసే దారి లేదు. ఇళ్ల కనెక్షన్లకు ఐపీ అడ్రస్ మారుతూ ఉంటుంది, ఈరోజు ఒకరిది రేపు ఇంకొకరిది. ఫలానా నిమిషంలో అది ఎవరి దగ్గర ఉందో సంస్థ లాగ్‌లే చెప్పగలవు. అందుకే ఫిర్యాదులో తేదీ, టైము, టైమ్ జోన్ తప్పకుండా ఉండాలి. +0530 అన్న చిన్న ముక్క వదిలేస్తే వేరే ఇంటి తలుపు తట్టే ప్రమాదం ఉంది. పైగా సంస్థ తన కస్టమర్ పేరు మనకు చెప్పనక్కర్లేదు, తనే కబురు చేస్తే చాలు. జపాన్‌లో 2006 నుంచి 2011 దాకా ప్రభుత్వమూ ఇంటర్నెట్ సంస్థలూ కలిసి నడిపిన సైబర్ క్లీన్ సెంటర్ చేసింది ఇదే. సోకిన కంప్యూటర్ల యజమానులకు వాళ్ల సంస్థ ద్వారానే విషయం చెప్పి, శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది.

"చెప్పినా ఎవరు పట్టించుకుంటారు?" అంటారు. జవాబు రాకపోవచ్చన్నది నిజమే. కానీ సంస్థకూ ఇందులో స్వార్థం ఉంది. తన నెట్‌వర్క్ నుంచి చెత్త మెయిళ్లు ఆగకపోతే స్పామ్‌హాస్ లాంటి బ్లాక్‌లిస్టులకు ఎక్కుతుంది, అప్పుడు నిక్షేపమైన కస్టమర్ల మెయిళ్లూ వెనక్కొస్తాయి. అసలైన చిక్కు వేరే ఉంది. జీమెయిల్ లాంటి సేవలు పంపినవాళ్ల ఇంటి ఐపీని మామూలుగా హెడర్‌లో చూపించవు. అక్కడ ఫిర్యాదు ఆ మెయిల్ సేవకే వెళ్లాలి. మన దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కూ రాయొచ్చు. 2017లో మొదలైన దాని సైబర్ స్వచ్ఛతా కేంద్రం సోకిన కంప్యూటర్ల సంగతి ఇంటర్నెట్ సంస్థలకు చేరవేస్తుంది. రాసేటప్పుడు వైరస్ ఫైలును జతచేయొద్దు, అవతలి ఫిల్టరు ఫిర్యాదునే మింగేస్తుంది. హెడర్ మొత్తం కాపీ చేసి పెడితే సరిపోతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఫ్రమ్‌లో పేరున్న మనిషికీ చెప్పాల్సిందే. 2021 జనవరిలో ఎనిమిది దేశాల పోలీసులు కలిసి పడగొట్టిన ఎమోటెట్ అనే వైరస్, పాత సంభాషణలను దొంగిలించి వాటికి జవాబుల్లా మెయిళ్లు పంపేది. మీ ఇద్దరి మధ్య నడిచిన పాత మెయిలు కిందే వైరస్ ఫైలు వచ్చిందంటే మీ ఇద్దరిలో ఒకరి మెయిలు దొంగ చేతిలో పడ్డట్టే. అప్పుడు ఫోన్ చేసి చెప్పండి. మెయిల్లో రాస్తే ముందు చదివేది దొంగే కావచ్చు.